విప్పి కట్టడం

సాయంత్రం ఆరింటికి మంట. నాలుగున్నరకి పెట్టెల మేస్త్రీ యార్డు గేటు దాటి లోపలికొచ్చాడు. రాగానే నోట్లోంచి ఊడిపడిన మొదటి మాట ఒక్కటే.

"విప్పారా?"

"విప్పాం మావయ్యా. విప్పి మళ్ళీ కట్టాం కూడా," అన్నాడు మేనల్లుడు. యార్డుకి సూపర్‌వైజరు అతను. చెవి దగ్గర ఒక ఫోను, చేతిలో ఇంకో ఫోను.

"ఎంతవరకు విప్పారు?"

"పద్ధతి ప్రకారమే. పైనుంచి మూడు పెట్టెలు దించాం, అందరం చప్పట్లు కొట్టాం, మళ్ళీ ఎక్కించాం. వీడియో ఉంది, చూస్తావా?"

మేస్త్రీ ఫోను చేత్తో పక్కకి తోశాడు.

అది పళ్ళ మార్కెట్ యార్డు. సీజను నాలుగు నెలలూ లారీల మీద లారీలు. ఆ నాలుగు నెలల్లో విరిగిన చెక్క పెట్టెలన్నీ ఒక మూలకి చేరతాయి. ఆఖరి లారీ కదిలిన రోజు సాయంత్రం వాటిని గుట్టగా పేర్చి తగలబెడతారు. బాణసంచా కాలుస్తారు. హమాలీలు, డ్రైవర్లు, గుమాస్తాలు, వాళ్ళ ఇంటివాళ్ళు అందరూ వస్తారు. సీజను మంట అంటారు దాన్ని. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ గుట్ట కట్టిన చెయ్యి మేస్త్రీదే. విరిగిన పెట్టెలకి మేకులు కొట్టడం ఆయన అసలు పని. మేకులకి లొంగని పెట్టెలకి కూడా చివరికి ఆయనే దిక్కు.

గుట్ట కట్టడంలో ఆయనకో పనితనం ఉంది. నడుమ ఒక మనిషి ముడుచుకు పడుకునేంత ఖాళీ వదిలేవాడు. దానికి పొట్ట అని పేరు. గాలి వచ్చే వైపు నుంచి పొట్టలోకి కింద ఒక దారి, పాకితే తప్ప పట్టదు. ఆ దారి తిన్నగా ఉండదు. గాలి నేరుగా కొట్టి నిప్పు ఆర్పకుండా మోచేయిలా ఒక వంపు. పొట్ట నిండా చెక్కపొట్టు, గోనెలు. లోపలికి మంచు దిగకుండా దారి మూతికి ఒక గోనె. వెలిగించేటప్పుడు ఆ గోనె తీసి కాగడా లోపలికి తోస్తే, మంట కడుపులో పుట్టి నెత్తి మీదుగా ఒక్క ఊపున లేచేది. పక్క యార్డుల వాళ్ళు చూసి కళ్ళలో నిప్పులు పోసుకునేవాళ్ళు.

ఆయనదే ఇంకో పద్ధతి కూడా ఉంది. మంట రోజు మధ్యాహ్నం గుట్టని ఒక పక్కన పొట్ట బయటపడేదాకా విప్పి, లోపల చూసి, మళ్ళీ కట్టాలి. పని తన చేతిలో ఉన్నంతకాలం ఇరవై నాలుగేళ్ళు అలాగే చేయించాడు. పదిమంది హమాలీలకి గంట పని. ఎందుకు మేస్త్రీ ఈ వెట్టిచాకిరీ అంటే "అది పద్ధతి" అనేవాడు. అంతకు మించి పెదవి విప్పేవాడు కాదు.

రెండేళ్ళ కిందట మోకాళ్ళు మొరాయించి పని మేనల్లుడికి అప్పగించాడు. పద్ధతి అప్పగించాడు గానీ దాని కారణం అప్పగించలేదు. మొదటి ఏడాది వాళ్ళు సగం విప్పారు. రెండో ఏడాది పై వరస విప్పారు. ఈ ఏడాదికి మూడు పెట్టెలు, చప్పట్లు మిగిలాయి.

"ఒరేయ్ అల్లుడూ, పొట్ట చూడాలిరా."

"పొట్ట ఎందుకు మావయ్యా చూడటం, స్కానింగా?" అని నవ్వాడు మేనల్లుడు. "ఇటు రా, నీ కాలంలో లేనివన్నీ చూపిస్తా."

చూపించాడు. గుట్ట చుట్టూ ఇరవై అడుగుల దూరంలో తాడు, తాడుకి ఎర్ర గుడ్డ ముక్కలు. వరసగా ఇసక బకెట్లు. నిండా నీళ్ళతో ట్యాంకరు. కాలిన గాయాల మందుతో ఒక డబ్బా, దాని పక్కన కుర్చీలో నర్సమ్మ. పిల్లలు తాడు దాటకుండా నలుగురు హమాలీలకి ఈలలు. నూలు చీరలు కట్టుకు రావాలని, జేబుల్లో టపాకాయలు పెట్టుకోకూడదని గేటు దగ్గర బోర్డు.

"కాగడా కూడా లేదు ఈసారి. పొట్టలో పొద్దున్నే డీజిలు చల్లించి, వైరు లాగించాం. యార్డు కమిటీ చైర్మన్ గారు అక్కడ స్టేజీ మీద మీట నొక్కుతారు, ఇక్కడ అంటుకుంటుంది. దగ్గర్లో పురుగు కూడా ఉండదు. ఇంతకన్నా జాగ్రత్త ఎక్కడైనా ఉందా చెప్పు!"

తప్పు పట్టడానికి లేదు. బయట ఉన్నవాళ్ళకి ఈగ వాలకుండా అన్నీ చేశాడు. లోపలి సంగతే ఎవరికీ తట్టలేదు.

చెప్పెయ్యాలా? మేస్త్రీ నాలుక చివరిదాకా వచ్చింది. జేబులో చెయ్యి పెట్టి చేతిరుమాలు తడిమాడు. అందులో మూటకట్టిన వస్తువు ఉంది. ఏటా ఈ ఒక్కరోజే దాన్ని పనిముట్ల పెట్టె అడుగునుంచి తీసి జేబులో వేసుకొస్తాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడు విప్పినా పొట్టలో ఎవరూ ఉండలేదు. ఇవాళ మాత్రం ఎందుకుంటారు? నోరు మూసుకుని టీ కొట్టు వైపు నడిచాడు.

టీ కొట్టు యార్డు గోడకి ఆనుకుని ఉంది. నడిపేది యార్డంతా టీ అక్క అని పిలిచే ఆవిడ. మేస్త్రీ కన్నా పదేళ్ళు చిన్నది. ఆయనకి మాత్రం చెల్లెమ్మ.

"ఏంటన్నయ్యా, మొహం అలా వేలాడేశావు? ఒంట్లో చక్కెర తక్కువైందా, అల్లుడు ఎక్కువయ్యాడా?"

"రెండూనమ్మా."

"అయితే చక్కెర నేను వేస్తా, అల్లుణ్ణి నువ్వు చూసుకో." గ్లాసు అందించి, పొయ్యి మంట తగ్గించి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది. ఆ తరవాత ఏం మాట్లాడుతుందో ఆయనకి తెలుసు. ఏటా ఈ రోజు అదే మాట్లాడుతుంది.

"ఇవాల్టికి ఇరవై ఏడేళ్ళు. వెధవ, బతికున్నానని ఒక్క ముక్క రాయలేదు."

ఆ వెధవ ఆవిడ తమ్ముడు. యార్డులో హమాలీ. ఎప్పుడూ ఈల వేస్తూ మూటలు మోసేవాడు కాబట్టి అందరికీ ఈలగాడు. పందొమ్మిదేళ్ళు. ఆఖరి లారీ రోజు తెల్లవారుజామున తప్ప తాగి ఇంటికొచ్చాడు. అక్క తలుపు గడియ పెట్టింది. మత్తు దిగాక రమ్మంది. గంటసేపు తలుపు తట్టి, తట్టి, వెళ్ళిపోయాడు. మళ్ళీ కనపడలేదు. రైలెక్కి ఏదో ఊరు పోయాడని యార్డంతా అనుకుంది.

"ఎక్కడో పెళ్ళాంపిల్లల్తో హాయిగా ఉండుంటాడు. ఉండనీ. నా గడప మాత్రం తొక్కకూడదు, చెప్తున్నా!" అంది టీ అక్క. అంటుంది గానీ, గేటు పక్క మంచి బేరం జరిగే జాగా ఇస్తామన్నా ఈ కొట్టు కదల్చలేదు. తమ్ముడొస్తే పాత చోటే వెతుక్కుంటాడని.

మేస్త్రీ ఎప్పట్లాగే గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఇరవై ఏడేళ్ళుగా ఆవిడ ఇచ్చిన టీ తాగుతూ ఇదే వింటున్నాడు. గ్లాసు ఖాళీ అయ్యాక తల ఎత్తాడు. ఆ బెంచీ మీదనుంచి గుట్ట మూతి సూటిగా కనిపిస్తుంది.

మూతికి గోనె లేదు.

లేచాడు. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. పట్టించుకోలేదు. తాడు కిందనుంచి దూరి గుట్ట దగ్గరకి వెళ్ళి నేల మీద చతికిలబడి చూశాడు. మూతి పక్కన చెక్కకి ఒక మేకు పొడుచుకొచ్చి ఉంది. మేకుకి నాలుగు గోనె పోగులు చిక్కుకుని ఉన్నాయి. పోగుల కొసలు లోపలి వైపు తిరిగి ఉన్నాయి.

ఇలాంటి పోగులు ఇంతకుముందు ఒకసారి చూశాడు.

"పెద్దాయనా! తాడు దాటకూడదు! వైరు కలిపేశాను!" బాణసంచా కంపెనీ మనిషి అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. వెనకే మేనల్లుడు. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని తాడు బయటికి తెచ్చారు.

"ఆపండిరా. గాలి మారింది," అన్నాడు మేస్త్రీ.

"నీ కోసమా?" అన్నాడు మేనల్లుడు.

"గుట్ట ఒక పక్కకి కుంగింది. జనం మీద పడుద్ది."

చుట్టూ చేరిన హమాలీల్లోంచి, అందరూ నిచ్చెన అని పిలిచేవాడు మాట అందుకున్నాడు. ఆరడుగుల పైన ఉంటాడు కాబట్టి నిచ్చెన. "గుట్ట పొట్ట బానే ఉంది మేస్త్రీ. నీ పొట్టే కుంగినట్టుంది. మధ్యాహ్నం అన్నం తిన్నావా?"

అందరూ గొల్లుమన్నారు. స్టేజీ మీద స్పీకర్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. టైము ఐదున్నర. ఆడవాళ్ళు, పిల్లలు తాడు చుట్టూ చేరి చోటు పట్టుకుంటున్నారు.

"లోపల మనిషున్నాడు," అన్నాడు మేస్త్రీ.

నవ్వులు ఆగాయి.

మేనల్లుడు ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, స్టేజీ వైపు చెయ్యి ఊపి పాట ఆపించాడు. తనే మూతి దగ్గరికి వెళ్ళి వంగి కేకేశాడు. "ఎవరూ లోపల? ఓయ్! ఎవరైనా ఉన్నారా?" టార్చి వేశాడు. వంపు దాకా వెలిగింది, ఆ తరవాత చీకటి. సమాధానం లేదు. ఇంకోసారి అరిచాడు. లేదు.

"చూశావుగా మావయ్యా. ఉంటే పలకడా?"

"నిద్రపోయేవాడు పలకడు."

"ఇన్ని స్పీకర్ల మధ్య ఎవడికి నిద్ర పడుతుంది?"

"తాగినవాడికి పడుతుంది. మూతికి కట్టిన గోనె ఏదిరా?"

"గాలికి పోయుంటుంది."

"గాలికి పోతే బయట పడుంటుంది. అది లోపలికి లాగిన గోనె. మేకుకి పోగులు చూడు, లోపలికి తిరిగున్నాయి. చలికి కప్పుకోడానికి లోపలున్నవాడు లాక్కుంటాడు."

"ఎవణ్ణైనా పాకి చూడమందాం," అన్నాడు నిచ్చెన.

"కుదరదు," అన్నాడు బాణసంచా మనిషి. "లోపల డీజిలుంది, నిప్పు పుట్టించే వత్తులున్నాయి. వైరు కలిపాక దాంట్లోకి ఎవరూ దూరకూడదు. అది రూలు. చూడాలంటే వైరు తీసి, పక్కనుంచి మొత్తం విప్పుకోవాలి."

"మొత్తం విప్పితే గంట! చైర్మన్ గారి కారు బయల్దేరింది!" మేనల్లుడి ఓపిక తెగింది. "మావయ్యా, పద్ధతి నీది, పేరు నీది, ఒప్పుకుంటాం. కానీ రెండేళ్ళ నుంచి చూస్తున్నా, నేను కట్టిన గుట్ట మీద ఏదో ఒక వంక పెట్టకపోతే నీకు పొద్దుపోదు. గోనె లోపలికి పోతే మనిషున్నట్టేనని ఏ పుస్తకంలో ఉంది? నీకెవరు చెప్పారు?"

హమాలీల వెనకనుంచి టీ కెటిలు, గ్లాసుల బుట్ట పట్టుకుని టీ అక్క వస్తోంది. పని మధ్యలో వాళ్ళకి టీ పోయడానికి. నిచ్చెన పక్కన నిలబడి ఏమైందన్నట్టు చూసింది.

వెళ్ళిపోవచ్చు. చాదస్తం అనుకుని ఊరుకుంటారు. లోపల ఎవరూ లేకపోతే పీడా పోతుంది. ఉంటే? ఉంటే మళ్ళీ ఆ గొంతు. ఇరవై ఏడేళ్ళ కిందటి ఒక్క గొంతుకే కంటి మీద కునుకు కరువైంది. రెండో దానికి చోటు లేదు.

"ఒకసారి చూశాను," అన్నాడు.

"ఏం చూశావు?"

"ఇలాగే. మూతికి గోనె లేదు. మేకుకి పోగులు. పిల్లలెవరో పీకుంటారులే అనుకుని కాగడా తోసేశాను."

ఎవరో దగ్గారు.

"తోశాక లోపలినుంచి మనిషి గొంతు వినపడింది. డప్పులు మోగుతున్నాయి, టపాకాయలు పేలుతున్నాయి. మూతి దగ్గర నేనొక్కణ్ణే. చెయ్యి పెట్టాను. ఇదిగో ఈ మచ్చ, కొలిమి దగ్గర కాలిందని మీకు చెప్పింది, దానిదే. చెయ్యి కాలగానే వెనక్కి వచ్చేశాను. అరుపేంటని ఎవరో అడిగారు. కుక్క దూరినట్టుందన్నాను. పొద్దున అందరికన్నా ముందొచ్చి బూడిద నేనే ఎత్తాను."

"మావయ్యా, మంట ఆపడానికి ఇన్ని కథలా?" అన్నాడు మేనల్లుడు. కానీ గొంతు ముందులా లేదు.

మేస్త్రీ జేబులోంచి చేతిరుమాలు తీసి విప్పాడు. అరచేతిలో ఇత్తడి బిళ్ళ. యార్డు హమాలీలు ఎవరి నంబరుది వాళ్ళు చొక్కాకి పెట్టుకునేది. ఒక అంచు కరిగి ముద్దయింది, మిగతాది నల్లబడింది. నంబరు మాత్రం చెక్కు చెదరలేదు.

అరవై మూడు.

బిళ్ళని ముందు మేనల్లుడు చూశాడు. చూసినా అర్థం కాలేదు అతనికి. అప్పటికి అతను బడికెళ్ళే పిల్లాడు. అర్థమైన మనిషి కెటిలు నేల మీద పెట్టింది, జాగ్రత్తగా, చుక్క ఒలక్కుండా. ముందుకొచ్చి బిళ్ళ తీసుకుంది. కొంగుతో ఒకసారి తుడిచింది. నలుపు పోలేదు.

మేస్త్రీ ఆవిడ చెయ్యి చూశాడు గానీ మొహం చూడలేకపోయాడు.

"విప్పండి," అంది టీ అక్క.

"అక్కా, చైర్మన్ గారు..."

"విప్పండిరా!"

ఎవరూ మేనల్లుడి వైపు చూడలేదు. బాణసంచా మనిషి వైరు పీకాడు. నిచ్చెన తాడు దాటాడు. అతని వెనక పదిమంది, ఆ వెనక ఇరవై మంది. చేతినుంచి చేతికి పెట్టెలు బారులు తీరాయి. గంట పని ఇరవై నిమిషాల్లో అవుతోంది. గేటు దగ్గర చైర్మన్ గారి కారు హారను మోగింది. మేనల్లుడు అటు పరిగెత్తాడు. టీ అక్క కదల్లేదు. మేస్త్రీ కూడా కదల్లేదు. ఇద్దరి మధ్యా రెండడుగుల దూరం.

ఉండాలి, అనుకున్నాడు మేస్త్రీ. లోపల ఎవడో ఒకడు ఉండాలి. వాణ్ణి బతికుండగా బయటికి లాగాలి. అప్పుడు ఆవిడ ముందు నిలబడటానికి ఒక కాలైనా ఉంటుంది.

"అదుగో గోనె!" అని నిచ్చెన అరిచాడు. ఆఖరి వరస తీసి, మెడ లోపలికి పెట్టి చూశాడు. ఒక్క క్షణం అలాగే ఉన్నాడు. తరవాత అతని భుజాలు ఊగడం మొదలైంది.

"కుక్కరా! కుక్క! పిల్లల్ని పెట్టింది!"

గోధుమరంగు కుక్క. డీజిలు వాసన తగలని పొడి మూల చూసుకుని, గోనె ఈడ్చుకెళ్ళి పక్కలా చేసుకుని పడుకుంది. దాని పొట్టకి అంటుకుని నాలుగు కూనలు. ఇంత గోలకీ ఎందుకు మొరగలేదంటే, వాటి మీదే ఉంది దాని ధ్యాసంతా. మొదటి కూనని నిచ్చెన అరచేతిలో పెట్టుకుని పైకెత్తగానే జనం ఒక్కసారిగా ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. ఊపిరి బిగబట్టుకున్న వాళ్ళందరికీ నవ్వు తన్నుకొచ్చింది. పిల్లలు తాడు దాటేసి కూనల కోసం ఎగబడ్డారు. ఈలలున్న హమాలీలు వాళ్ళని వెనక్కి తోశారు.

మేస్త్రీకి నవ్వు రాలేదు. ఆనాడు ఆయన నోటితో పుట్టించిన కుక్క ఇరవై ఏడేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

మేనల్లుడు తిరిగొచ్చాడు. సంగతి విన్నాడు. మొహంలోకి రక్తం వచ్చింది. మేస్త్రీ భుజం మీద చెయ్యి వేసి మెత్తగా అన్నాడు. "చూశావా మావయ్యా, కుక్కే. ఆ రోజు కూడా కుక్కే అయ్యుంటుంది. డప్పుల గోలలో నీకు మనిషి గొంతులా వినపడుంటుంది. ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకుని కుమిలిపోయావు. ఆ బిళ్ళదేముంది, వాడెప్పుడో పారేసుకునుంటాడు, చెత్తతో కలిసిపోయుంటుంది."

"అంతేలే మేస్త్రీ," అన్నాడు నిచ్చెన, చేతిలో కూన కుయ్యిమంటుండగా. "పెద్దతనం. ఏవేవో వినపడతాయి. ఇంటికెళ్ళి పడుకో."

"అవునవును," అన్నారు ఇంకో ఇద్దరు. అందరి గొంతుల్లోనూ బతిమాలడం ఉంది. సీజనంతా చాకిరీ చేశారు. నవ్వుకోడానికి ఒక సాయంత్రం దొరికింది. దాన్ని పాడుచెయ్యొద్దని అడుగుతున్నారు. తన పాత అబద్ధాన్ని దులిపి, మడత పెట్టి, తిరిగి చేతికిస్తున్నారు. తల ఊపితే చాలు.

మేస్త్రీ తల ఊపబోయాడు. నిజం. మెడ కదిలింది కూడా.

"ఏమన్నాడు?" అంది టీ అక్క.

ఆయన ఆగిపోయాడు.

"మనిషి గొంతు వినపడిందన్నావు. ఏమన్నాడు?"

"ఏం లేదు చెల్లెమ్మా. నిద్రలోనే పోయాడు. వాడికేం తెలీదు."

"నిద్రలో పోతే అరుపేంటని ఎందుకడిగారు? కుక్కని ఎందుకన్నావు?" గొంతు పెంచలేదు. గ్లాసు కడిగినంత మామూలుగా అడుగుతోంది. "ఇరవై ఏడేళ్ళు నా టీ తాగావు. వాడు అలిగి పోయాడని నేను తిడుతుంటే విన్నావు. బతికున్నాడని ఆశపడుతుంటే విన్నావు. ఇవాళైనా పూర్తిగా చెప్పు."

ఆ రోజు చలికి పొట్టలో దూరి పడుకున్న ఈలగాడికి, మత్తులోంచి లేచేసరికి ఎక్కడున్నాడో తెలియలేదు. చీకటి, చుట్టూ చెక్క. ఇంకా ఇంటి తలుపు బయటే ఉన్నాననుకున్నాడు. పెట్టెల్ని అరచేతుల్తో బాదాడు.

"తలుపు తియ్యక్కా అన్నాడు," అని చెప్పాడు మేస్త్రీ.

టీ అక్క ఏడవలేదు. తిట్టలేదు. బిళ్ళ పట్టుకున్న చెయ్యి గుప్పిటయింది, అంతే.

"ఎన్నిసార్లు?"

"మూడు... నాలుగు."

"బూడిద ఎక్కడ పోశావు?"

లారీలు తూచే వేబ్రిడ్జి వెనక వైపు చూపించాడు. అప్పట్లో పల్లం. ఇప్పుడు దాని మీద సిమెంటు చేసి లారీలు నిలబెడుతున్నారు. ఆవిడ అటు నడిచింది. ఇద్దరు ఆడవాళ్ళు వెంట వెళ్ళబోతే చేత్తోనే వద్దంది.

గుట్ట మళ్ళీ కట్టారు. ఆరింటి మంట ఏడింటికి అంటుకుంది. చైర్మన్ గారు మీట నొక్కారు, బాణాలు ఆకాశంలో విచ్చుకున్నాయి, ఎవరికీ చిన్న బొబ్బ కూడా రాలేదు. ఆ వెలుగులో వేబ్రిడ్జి వెనక, రెండు లారీల మధ్య సిమెంటు మీద టీ అక్క కూర్చుని ఉండటం మేస్త్రీకి కనపడింది. ఒక లారీ వెనక్కి రావాలి. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. ఆవిడ లేవలేదు. మూడోసారి కొట్టి, దిగి చూసి, ఇంజను ఆపేశాడు.

కొట్టులో పొయ్యి మీద పాలు మరిగి మరిగి అడుగంటాయి. ఆ మాడు వాసన బాణసంచా వాసనలో కలిసిపోయింది. మేస్త్రీ వెళ్ళి పొయ్యి ఆపాడు. ఇంటిదాకా ఆయనతో ఎవరూ రాలేదు.

పోలీసులు పిలిచారు. రెండుసార్లు వాంగ్మూలం రాసుకున్నారు. మనిషి లేడు, బూడిద లేదు, సిమెంటు తవ్వడానికి యార్డు కమిటీ ఒప్పుకోలేదు. కాగితాలు పైకి పంపాం, కబురు చేస్తాం అన్నారు. నెలలు గడిచినా కబురు రాలేదు.

కమిటీ చేసింది ఒకటుంది. గుట్ట కట్టే మూలలో పెద్ద బోర్డు పెట్టింది. 'మంట రోజు గుట్టను పొట్ట వరకు తప్పక విప్పి, లోపల చూసి, తిరిగి కట్టవలెను. లోపల కుక్కలు దూరును.' ఆఖరి వాక్యం మేనల్లుడు రాయించాడు. యార్డు పేరు పోకూడదు కదా, మావయ్య పేరు కూడా నిలబెట్టినట్టుంటుంది అన్నాడు. అందరూ బాగుందన్నారు.

టీ అక్క బోర్డు చదివింది. ఎవరితోనూ దెబ్బలాడలేదు. మర్నాడు కొట్టు సామానంతా రెండు చక్రాల బండి మీద వేసుకుని, గోడ పక్కనుంచి తీసుకెళ్ళి వేబ్రిడ్జి వెనక సిమెంటు మీద పెట్టింది. లారీలకి అడ్డమని అన్నవాళ్ళెవరూ రెండోసారి అనలేదు. ఇత్తడి బిళ్ళని మేకు కొట్టి కొట్టు తడికకి తగిలించింది. ఎదురుగా ఒక బెంచీ వేసి మేస్త్రీకి కబురు పంపింది.

ఆయన వచ్చాడు. రానని ఏ నోటితో అంటాడు?

ఇప్పుడు మళ్ళీ సీజను మొదలైంది. కొత్త హమాలీలు పనిలో చేరుతున్నారు. చేరిన ప్రతివాడూ మొదటి టీకి ఆ కొట్టుకే వస్తాడు. వచ్చినవాడికి ఆవిడ గ్లాసు ఇవ్వదు.

"ముందు ఆయన్నడుగు, ఆ బిళ్ళ ఎవరిదని. విన్నాక రా. అప్పుడు టీ."

వాడు నవ్వుతూ వెళ్ళి బెంచీ మీద ముసలాయన పక్కన కూర్చుంటాడు. మేస్త్రీ మొదలుపెడతాడు. పందొమ్మిదేళ్ళ కుర్రాడు, ఈల బాగా వేసేవాడు, మూతికి గోనె లేదు, మేకుకి పోగులు. ఇరవయ్యో ముప్ఫయ్యోసారి చెబుతున్నా ఆ కుర్రాడి ఆఖరి మాట మాత్రం నోట పెట్టడు. అక్కడికొచ్చేసరికి ఆగి, "అంతే నాయనా" అని ముగించేస్తాడు.

పొయ్యి దగ్గర గ్లాసుల చప్పుడు ఆగిపోతుంది.

"అంతే కాదు," అంటుంది టీ అక్క, వెనక్కి తిరక్కుండానే. "పూర్తిగా చెప్పు."

మేస్త్రీ పూర్తిగా చెబుతాడు. అప్పుడు గాని ఆవిడ గ్లాసులో టీ పొయ్యదు, వచ్చినవాడికి. ఆయనకి పొయ్యడం మానేసి ఎనిమిది నెలలైంది.